ఇంగ్లీషు నాలుకకి సరిపోయేలా పేరు పెట్టాలా?



పోయిన వారం మన గ్రూపులో ఒక పాప పేరు గురించి జరిగిన చర్చంతా చదివాము. రెండు రోజులు ఏమీ రాయకుండా ఊరుకున్నాము. మూడో రోజు ఎవరో "విదేశాల్లో సులువుగా పలికే పేర్లు" అని ఒక జాబితా తయారుచేసి సంఘం ఖర్చుతో అచ్చు వేయిద్దాం అన్నారు, దానికి కింద వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. ఇక రాయక తప్పలేదు.

సంగతి తెలియనివాళ్ళకి చెబుతాము. మన సభ్యుల ఇంటి అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు స్వీడన్ దేశపు పిల్ల. ఆడపిల్ల పుట్టింది. మొదటి పేరు స్వీడిష్‌ది, రెండో పేరు మనది అని భార్యాభర్తలు ముందే అనుకున్నారు. కోడలికి వాళ్ళ అమ్మమ్మ పేరు పెట్టాలని ఉంది. రాసేది కెర్‌స్టిన్ అని, పలికేది ఇంచుమించు షెష్టిన్ అని. అంతే, మనవాళ్ళు మొదలుపెట్టారు. "ఇంగ్లీషువాళ్ళకి నోరు తిరగదు, మియా అని పెట్టండి." "లియా అయితే ఎక్కడైనా చెల్లుతుంది." ఒక పెద్దాయన పేరు రెండక్షరాలు దాటకూడదని నియమమే పెట్టేశారు. ఆయన పేరు పూర్తిగా రాస్తే రిజర్వేషన్ ఫారంలో గళ్ళు చాలవు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఫారాలు చూసినవాళ్ళం గనక ధైర్యంగా చెబుతున్నాము.

మేము అడిగేది ఒకటే. పేరుకి కొలత ఎవరి నాలుక?

ఈ ప్రశ్న మనకి కొత్తదా? మా బడి చదువంతా తమిళంలో జరిగింది. తెలుగు ఇంట్లో మాట్లాడింది, అక్షరాలు పెద్దయ్యాక పట్టుదలగా నేర్చుకున్నవి. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకే అక్షరం. రిజిస్టరులో భాస్కర్ పాస్కర్ అవుతాడు, ధనమ్మ తనమ్మ అవుతుంది. దీనికి తమిళాన్ని తప్పు పట్టడం మూర్ఖత్వం. ఆ లిపి ఆ భాషకి చక్కగా సరిపోతుంది, ఎక్కడ ఏది పలకాలో వాళ్ళకి తెలుసు. మా కోపం మన ఇళ్ళ మీద. రిజిస్టరులో ఇమడదని భ, ధ, ఘ ఉన్న పేర్లు పెట్టడమే మానేసిన ఇళ్ళు ఎన్ని లేవు! ఇంటిపేరు సంగతి ఇంకా ఘోరం. తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా చాలు అన్నారు, చాలించుకున్నాము. ఈ రోజు పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపేరు అడిగితే, మన కుర్రవాళ్ళు ఊళ్ళో ఉన్న అవ్వకి ఫోన్ చేస్తారు. అవ్వ ఉన్నంతవరకు పరవాలేదు.

అందుకే ఈ స్వీడన్ పేరు మాకు పరాయి గొడవగా కనబడలేదు. వాళ్ళ పేర్ల కథ వింటే మన ఇంటి కథ విన్నట్టే ఉంటుంది. స్వీడన్‌లోనూ పూర్వం సామాన్యులకి స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. ఆండర్స్ కొడుకు ఆండర్సన్, కూతురు ఆండర్స్‌డాటర్. అచ్చం మన ఇనిషియల్ లెక్క. 1901లో ఇంటిపేర్ల మీద ప్రభుత్వం ఒక శాసనం చేసింది, పేర్లు క్రమంగా స్థిరపడ్డాయి. 2017 జూలైలో అమలుకి వచ్చిన కొత్త చట్టం మళ్ళీ తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకు, కూతురు అని చేర్చి పెట్టుకోవడానికి దారి ఇచ్చింది. మన పంచాంగంలో నక్షత్రానికి అక్షరాలు ఉన్నట్టు, వాళ్ళ క్యాలెండరులో రోజుకొక పేరు ఉంటుంది. డిసెంబరు 13 లూసియాది.

ఐకియా అంగడి తెలుసు కదా, 2018లో మన దేశంలో మొదట హైదరాబాదులో తెరిచారు. ఆ పేరేమిటి? స్థాపించిన ఇంగ్వార్ కాంప్రాడ్ పేరులో రెండక్షరాలు, ఆయన పెరిగిన పొలం ఎల్మ్‌టారిడ్, ఊరు అగున్నారిడ్. పేరు, వంశం, ఇల్లు, ఊరు. మదురై షణ్ముఖవడివు కూతురు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అయినట్టే. అక్కడ అమ్మే చెక్క అర ఒకదాని పేరు కాలాక్స్, అది ఉత్తర స్వీడన్‌లో ఒక ఊరు. లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ జనం ఆ అర పేరు అడిగి కొంటున్నారు. చెక్క అరకి తిరిగిన నోరు చంటిబిడ్డ పేరుకి తిరగదా?

బ్యోర్న్ బోర్గ్ 1976 నుంచి 1980 దాకా వరసగా ఐదుసార్లు వింబుల్డన్ గెలిచాడు. ఆ పేరు ఇంగ్లీషువాళ్ళకి అప్పుడు సులువుగా ఉందా? తప్పో ఒప్పో పలికారు, అలవాటైంది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ 1939లో హాలీవుడ్‌కి వెళితే, ఆమెని పిలిపించిన నిర్మాత సెల్జ్‌నిక్ పేరు మార్చుకోమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు మన గ్రూపులోనే ఒకరు ఇంగ్రిడ్ "సులువైన పేర్ల" వరసలో రాశారు! సులువు చేసింది ఆవిడ మొండితనమే.

అలాగని కళ్ళు మూసుకుని పెట్టమని మేము అనడం లేదు. చూడవలసినవి ఉన్నాయి. స్వీడన్‌లో గున్ అని ఆడవాళ్ళ పేరు ఉంది. ఇంగ్లీషులో ఆ అక్షరాలు చదివితే తుపాకీ. ఫానీ అని ఇంకొకటి, అది బ్రిటన్‌లో బూతు. లూవె అని మగవాళ్ళకి పెడతారు, ఇంగ్లీషు కంటికి అది లవ్. ఇలాంటివి బడిలో పిల్లని ఏడిపిస్తాయి, మానుకోవాలి. స్వీడిష్‌లో జె రాస్తే య అని పలకాలి. మాయా అనే పేరుని వాళ్ళు జె పెట్టి రాస్తారు, ఇంగ్లీషువాడు చూస్తే మనం తాగే మామిడి రసం సీసా పేరులా చదువుతాడు. ఇక చుక్కలూ సున్నలూ. వాళ్ళ అక్షరమాలలో 29 అక్షరాలు, చివరి మూడు నెత్తిన గుర్తులు ఉన్నవి. అవి అలంకారాలు కావు, వేరే అక్షరాలు. మన క వేరు, ఖ వేరు అన్నట్టు. ఓసా అనే పేరు మీద సున్న తీసేస్తే అది ఇంకో మాట అయిపోతుంది. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరసలో ఆ మూడింటికీ బదులు రెండేసి మామూలు అక్షరాలు వేస్తారు. టికెట్టులో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే ఏమవుతుందో కౌంటరులో కూర్చున్నవాళ్ళకి తెలుసు. అలాంటి పేరు పెట్టేవాళ్ళు అన్ని కాగితాల్లోనూ ఒకే రాత ఉండేలా చూసుకోవాలి.

ఇప్పుడు కెర్‌స్టిన్‌ని ఈ లెక్కలో పెట్టి చూడండి. చుక్క లేదు, సున్న లేదు. ఇంగ్లీషులో చెడ్డ అర్థం లేదు. పైగా అది క్రిస్టీనాకి స్వీడన్ రూపం. క్రిస్టీన్, కిర్‌స్టెన్ అని ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళలోనే దాని అక్కచెల్లెళ్ళు ఉన్నారు. మిగిలిన కష్టం ఒకటే, బడిలో టీచరు కెర్‌స్టిన్ అని పిలుస్తుంది, అమ్మ షెష్టిన్ అని పిలుస్తుంది. అయితే ఏం? మనలో ఎవరికి ఇంట్లో ఒక పలుకు, ఆఫీసులో ఒక పలుకు లేదు? ఎగ్మూరు అని బోర్డు రాసినా ఊరంతా ఎళుంబూరు అంటోంది, రైళ్ళు ఆగుతూనే ఉన్నాయి. బెజవాడ అనే పేరు బోర్డు మీద పోయినా స్టేషను కోడ్ ఈ రోజుకీ బి.జెడ్.ఏ.

మియా, లియా చెడ్డ పేర్లని కాదు. ఇష్టపడి పెట్టుకునేవాళ్ళు పెట్టుకోనీ. ఒక ముసలావిడ పేరు నిలబెడదామని కోడలు అడుగుతుంటే, పక్కవీధి వాళ్ళ సౌకర్యం కోసం వద్దనడం ఏం న్యాయం? పది లక్షలకు పైగా స్వీడన్ జనం అమెరికాకి వలస వెళ్ళారు. యుహాన్సన్‌లు ఎందరో అక్కడ జాన్సన్‌లు అయ్యారు. ఈ రోజు వాళ్ళ మునిమనవలు తాతల ఊరు ఏదో తెలుసుకోవడానికి స్వీడన్ చర్చి రిజిస్టర్లు వెతుకుతున్నారు, అన్ని ఊళ్ళలోనూ అవే పేర్లు. మన పిల్లలు ఇంటిపేరు కోసం అవ్వకి ఫోన్ చేసినట్టే.

"రేపు ఉద్యోగానికి అర్జీ పెడితే పేరు చూసి పక్కన పెడతారు" అని ఒకరు భయపడ్డారు. ఆ భయం ఉత్తది అని మేము అనము, పేరు చూసి మనిషిని లెక్కగట్టేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కానీ ఆ పాప ఒంటి రంగూ ఆ పాపతోనే వెళుతుంది కదా. దానికి ఏ జాబితా అచ్చు వేస్తాము?

కార్యవర్గానికి మా మనవి. ఆ పుస్తకం ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో పెడితే మేము లేచి వద్దంటాము. సంఘం పెట్టుకున్నది తెలుగు నిలబెట్టడానికి. తెలుగు పేర్లు, మనవల తరానికి తెలియని పాత పేర్లు, ఇంటిపేర్లు, అవి ఏ ఊళ్ళ నుంచి వచ్చాయో అచ్చు వేస్తామంటే మా వంతు చందా ముందే కడతాము. సేకరించడానికి ఊళ్ళు తిరగమన్నా తిరుగుతాము, రిటైరైనవాళ్ళకి పాస్ ఉంది.

ఇంకొక మాట. ఇంగ్లండులో పుట్టిన బిడ్డని 42 రోజుల్లోగా రిజిస్టరు చేయించాలి. ఇంకా రెండు వారాలు ఉంది. మొదటి పేరు మీద ఇంత గొడవ చేశాము గానీ, మనం పెట్టవలసిన రెండో పేరు గురించి గ్రూపులో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. పాపది రోహిణి నక్షత్రం అన్నారు. ఓ, వా, వీ, వూ. ఆ ఇంటి ముత్తవ్వ పేరు 'వీ'తోనే మొదలవుతుంది, పాతవాళ్ళందరికీ గుర్తుండాలి. తెలిసినవాళ్ళు ఈ రాత్రే ఆ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పండి.