మొదటి కీమోకు ముందే ఆ పరీక్ష

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి హైదరాబాద్ వెళ్లి కీమో ఎక్కించుకుని వచ్చిన మనిషికి కొన్ని వారాలకు కళ్లు పచ్చబడితే, ఇంట్లోవాళ్లు కామెర్లని పసరు పోయించడం మామూలే. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. వారికి ఎవరూ చెప్పలేదు. ఏళ్లుగా కాలేయంలో అణిగి ఉన్న హెపటైటిస్-బి వైరస్, కీమోతో రోగనిరోధక శక్తి తగ్గగానే తిరగబెట్టగలదు. క్యాన్సర్ లొంగుతున్న దశలో మనిషి కాలేయం చెడి చనిపోవడం ముందే ఆపగలిగిన చావు. అందుకే మొదటి కీమోకు ముందు హెపటైటిస్-బి పరీక్షను ప్రతి రోగికీ తప్పనిసరి చేయాలి.

దీనికి ఆధారాలు కొత్తవి కావు. హాంకాంగ్‌లో లింఫోమా క్యాన్సర్ రోగులపై జరిగిన అధ్యయనం 2003లో వెలువడింది. వైరస్ ఉన్న 30 మందిలో సగం మందికి వైరస్‌ను అణచే మందు లామివుడిన్‌ను కీమోకు ముందే ఇచ్చారు. వారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. వైరస్ పెరిగేదాకా ఆగిన 15 మందిలో 8 మందికి తిరగబెట్టింది. ఇప్పుడు అంతకంటే మెరుగైన ఎంటెకావిర్, టెనోఫోవిర్ ఉన్నాయి. లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్‌తో ఈ ముప్పు మరీ ఎక్కువని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే తీవ్ర హెచ్చరిక చేసింది. ఆ మందును 2007 నుంచి మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తయారుచేస్తోంది. మందు మన దగ్గరే తయారవుతున్నప్పుడు, దాని వెంట ఉండాల్సిన జాగ్రత్త మన జిల్లాలకు అందకపోవడానికి సాకు లేదు.

అనుమానం ఉన్నవారికే పరీక్ష చేస్తే చాలదా అంటారు. చాలదు. ఈ వైరస్ ఉన్నవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే చవకైన టీకా తెచ్చినా, ప్రభుత్వ టీకాల కార్యక్రమం ద్వారా అది దేశమంతటికీ చేరింది 2011లో. నేడు క్యాన్సర్ వార్డుల్లో ఉన్న పెద్దవాళ్లలో అత్యధికులు దాన్ని చిన్నప్పుడు వేయించుకోనివారే. ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్ష ఉంది కదా అన్నది మరో మాట. అది సాధారణంగా ఉపరితల యాంటిజెన్‌ను మాత్రమే చూస్తుంది. పాత ఇన్ఫెక్షన్ జాడ తెలియాలంటే కోర్ యాంటీబాడీ పరీక్ష కూడా కావాలి. చికిత్స ఆలస్యమవుతుందన్న భయమూ అక్కర్లేదు. రక్తం తీసి కీమో మొదలుపెట్టవచ్చని, ఫలితం కోసం ఆపనక్కర్లేదని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2020లో స్పష్టం చేసింది. ఇక ఖర్చు. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. కోర్ యాంటీబాడీ పరీక్షకు అదనంగా ఏమైనా ఖర్చయినా, అది చెడిన కాలేయానికి ఐసీయూలో పెట్టే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

అసలు కష్టం ఆ తర్వాతే. వైరస్‌ను అణచే మాత్రలు మొదలుపెట్టినవారు కీమో ముగిశాక కనీసం ఏడాదిపాటు వాటిని ఆపకూడదు. మధ్యలో మానితే వైరస్ విజృంభించవచ్చు. రోజుకూలీ మనిషి మాత్రల కోసం నెలనెలా హైదరాబాద్ వెళ్లలేడు. కాబట్టి ఆరోగ్యశ్రీలో కీమోకు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ పరీక్ష చేసినట్టు ఆధారం అడగాలి. మాత్రలు, కాలేయ పరీక్షలు ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో అందాలి. మాత్రలకు రానివారి ఇంటికి ఆశా కార్యకర్తను పంపాలి.