జలస్తంభనము – న్యాయనిర్ణయము

నందికొండ కడ కృష్ణవేణిలో మూడు మునకలు వేయు భక్తుని లోతెంతయని ఎవ్వరును అడుగరు. ఏకశ్వాసతో కడలిలోనికి దిగు పోటీదారుల స్థితి వేరు. 1992లో వెలసిన ఐడా సంస్థ నియమానుసారము, పైకి తేలిన 15 సెకన్లలో మాస్కు తీసి, పిదప చేతితో క్షేమసంజ్ఞ చేయవలెను. క్రమము తప్పెనా, ఎర్రకార్డే. నూరు మీటర్ల శ్రమయు లెక్కకు రాదు. ఇది క్రౌర్యము కాదు. స్పృహ తప్పుట తరచుగా పైకి వచ్చిన పిదపనే సంభవించును. కుంభకమెంత దీర్ఘమైనను తదనంతర శ్వాస స్వాధీనమున లేనిచో అది సిద్ధి యెట్లగును?

సుయోధనుడు జలస్తంభనవిద్యతో ద్వైపాయనహ్రదమున దాగిన కథ అందరెరిగినదే. పిదప జరిగిన గదాయుద్ధమున, నాభికి దిగువ కొట్టరాదన్న నియమమును భీముడు మీరగా బలరాముడు హలమెత్తెను. ఇరువురును ఆయన శిష్యులే! శ్రీకృష్ణుడు భీముని ప్రతిజ్ఞను జ్ఞాపకము చేసి అన్నను వారించెను. అది రణము, ద్రౌపదీ పరాభవమునకు ప్రతిక్రియ. ఆ మినహాయింపును క్రీడలోనికి తెచ్చుట అనుచితము. పతకముల పోటీలో ఏ ప్రతిజ్ఞ యున్నది? అచట న్యాయనిర్ణేతకు బలరామదృష్టియే శరణ్యము. ఐడా, సీమాస్ సంస్థలు ఇప్పటికే వేర్వేరు రికార్డు పట్టికలు నడుపుచున్నవి. ప్రసిద్ధునకొక కొలత, అనామకునకొక కొలత కూడ వచ్చి చేరినచో ఆ లోతులనెవ్వరు నమ్ముదురు?