రాక్షసుడికి పాయింట్లెందుకు?

దసరా సెలవులకు హైదరాబాదు నుంచి తొర్రూరు వచ్చిన ఒక కుర్రవాడు మా అరుగు మీద పరిచిన అట్టను రెండు నిమిషాలు చూసి తీర్పు చెప్పేశాడు. “ఇది గేమ్ కాదు కాకా. అష్టాచెమ్మకు కథ అతికించిన్రు. ఇరవై ముఖాల డైస్ లేదు, హిట్ పాయింట్లు లేవు, రూల్‌బుక్ లేదు.” అతను వెళ్లగానే మా పిల్లల్లో పెద్దవాడు మెల్లగా అడిగాడు: “మనం కూడా పాయింట్లు పెట్టుకుందామా?” నాకు కోపం తెప్పించింది ఆ ప్రశ్నే. మూడు వేసవులుగా రాస్తూ, కొట్టేస్తూ తయారు చేసుకున్న ఆట, నేలమాళిగలో దిగి రాక్షసుణ్ని గెలిచే ఆట, పిల్లలకు ఒక్క మాటతో నాసిరకం అయిపోయింది.

ముందు ఆ పాచిక సంగతి. 20 ముఖాల్లో ఏదైనా నూటికి 5 సార్లే పడుతుంది. ఒకటికీ, పదికీ, ఇరవైకీ ఒకటే అవకాశం. ఇప్పుడు మా ఆటలో పాచికకు బదులు వేసే చింతగింజలు నాలుగు తీసుకుని ఒకవైపు తెల్లబడేదాకా బండకు అరగదీయండి. అవి పడే తీరులు 16. అందులో రెండు తెల్లగా పడేవి 6, ఒకటీ మూడూ పడేవి చెరి 4. నాలుగూ తెల్లగా పడే చెమ్మ ఒక్కటి, నాలుగూ నల్లగా పడే అష్ట ఒక్కటి. మామూలు పనులు తరచుగా, అద్భుతాలు అరుదుగా. సాహస కథకు ఇంతకన్నా తగిన లెక్క ఏముంది? మా ముత్తవ్వలు ఈ గింజలతో బండ మీద ఆడుతూనే ఉండేవారు.

అసలు ఆ కుర్రవాడు కొలబద్దగా పెట్టుకున్న విదేశీ ఆట మాత్రం ఎట్లా పుట్టింది? 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చినప్పుడు అది మూడు చిన్న పుస్తకాల పెట్టె. దాన్ని డేవ్ ఆర్నెసన్‌తో కలిసి తయారు చేసిన గ్యారీ గైగాక్స్ బీమా ఉద్యోగం పోయి, ఇంట్లో బూట్లు బాగుచేసుకుంటున్న మనిషి. ఆ వింత పాచికలు కూడా బడి సామాన్ల కేటలాగులో దొరికినవే. వాళ్లు చేతికందిన వాటితో ఆట చేస్తే గొప్ప, మా పిల్లలు చేస్తే అతుకులబొంతా?

ఇక హిట్ పాయింట్లు. నా అసలు పోరు వీటితోనే. రాక్షసుడికి నలభై రాసిపెట్టడం, కత్తి వేటుకు ఆరు, బాణానికి నాలుగు తీసేయడం. ఇది కిరాణా ఖాతా, కథ కాదు. మన జానపద కథలోని మాయల ఫకీరును ఎన్ని వేట్లకు చంపుతారు? అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. ఆ గుట్టు తెలియనిదే బాలవర్ధిరాజు చేసేదేమీ లేదు. ‘పాతాళ భైరవి’ సినిమాలో నేపాళ మాంత్రికుడి చేతిలోని ప్రతిమ పోతే అతని ఆట కట్టు. పులిజూదంలో మూడు పులుల్ని పదిహేను మేకలు కొట్టి చంపవు, కదలకుండా కట్టేస్తాయి. బలవంతుణ్ని గెలిచే దారి మన కథల్లోనూ ఆటల్లోనూ ఇదే. కత్తి పొడవు కొలవడం కాదు, ఆయువుపట్టు వెతకడం.

అందుకే మా ఆటలో రాక్షసుడికి పాయింట్లు లేవు, మూడు గుట్లున్నాయి. మూడోది దొరికేదాకా ఏ వేటూ తగలదు. మొన్న మా ఎనిమిదేళ్ల పాప చేతిలో కత్తి కూడా లేదు. “వీడు రాత్రిపూట ఏ దిక్కు తల పెట్టి పండుకుంటడు?” అని కావలివాణ్ని అడిగింది. అంతదాకా కత్తులు దూస్తున్న అన్నలు ఆగిపోయారు. మూడో గుట్టు ఆ ప్రశ్నతోనే బయటపడింది. పాయింట్లుంటే ఆ పిల్లకు తన వంతు వచ్చేదాకా కూర్చోవడం తప్ప పనేముండేది?

నేలమాళిగలూ రాక్షసులూ మనకు కొత్త కాదు. చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాకాసిలోయ’ రాశారు. వాటికి చిత్రా వేసిన బొమ్మలు చూసి రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకున్న తరం మాది. ఆ పేర్లు మా పిల్లలకు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, మాది. నెత్తిన రూల్‌బుక్ పెట్టుకుని తిరిగేవాళ్లు ముందు ఆ కథలు చదవాలి.

రూల్‌బుక్ గురించి ఒక్కటే మాట. అష్టాచెమ్మలో ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి పోరాదన్న నియమం ఏ పుస్తకం వల్ల బతికింది? ఇంటింటా నోటిమీదే బతికింది.

మా నియమాల్లో లోటుపాట్లున్నాయి. మంత్రగాడికి ఎన్ని మంత్రాలుండాలో, చచ్చిన పాత్ర ఎట్లా తిరిగి రావాలో తేలలేదు. ఆడుతూ తేల్చుకుంటాం. పెద్దవాడు అడిగినదానికి మాత్రం జవాబు తేలిపోయింది. పాయింట్లు పెట్టుకోం. గింజలు వెయ్యి బిడ్డా, వంతు నీదే.