సైకిలు తొక్కే కాలికి తగిన బూటు



ప్రొద్దుటూరు నుండి ఒక తల్లి మమ్మును ఒక సంగతి అడిగారు. ఆమె కుమారుడు ఇంటరు చదువుతున్నాడు. పోయిన సంవత్సరం గేర్ల సైకిలు కొనిచ్చారు. ఇప్పుడు అడుగున ముక్క బిగించి పెడలుకు అతుక్కొనే బూట్లు కావాలని పట్టుబట్టాడు. ధర వేలల్లో ఉన్నది. "అయ్యగారూ, ఇది అవసరమా, ఆడంబరమా? వాళ్ల నాయన ముప్పై ఏండ్లు హవాయి చెప్పులతోనే తొక్కలేదా?" అని ఆమె ప్రశ్న.

వాళ్ల నాయన తొక్కిన మాట నిజమే. ఇంటి నుండి అంగడికి, అంగడి నుండి ఇంటికి ఏ చెప్పయినా చాలును. కాని ఈ అబ్బాయి స్నేహితులతో జమ్మలమడుగు మీదుగా గండికోట ఎక్కుతానంటున్నాడు. ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు దాదాపు 20 కిలోమీటర్లు. మామూలు సైకిలుకు పెడలు ఒక చుట్టు తిరిగితే అయిదు మీటర్లకు కొంచెం పైగా పోతుంది. లెక్క వేసి చూడండి, జమ్మలమడుగు చేరేసరికి ఒక్కొక్క పాదము మూడున్నర వేల సార్లకు పైగా పెడలును నొక్కుతుంది. గండికోట ఇంకా 15 కిలోమీటర్లు ఉన్నది, అదీ ఎర్రమల కొండల మీదికి. ఇన్ని వేల నొక్కుళ్లు మెత్తని చెప్పులో పడితే పెడలు అంచు అరికాలులో దిగుతుంది, చెమటకు పాదము జారుతుంది. ఇరుకు బూటులో పడితే వేళ్లు తిమ్మిరెక్కి, అరికాలు నిప్పుల మీద పెట్టినట్లు మండుతుంది. వేళ్ల మొదట ఎముకల నడుమ పోయే నరములు నలిగితే వచ్చే మంట అది. ఎండ వలన వచ్చిందనుకొని కాళ్ల మీద నీళ్లు పోసుకొనేవారు ఉన్నారు. బూటు విప్పితే గాని అది తగ్గదు.

కాబట్టి మంచి బూటు ఆడంబరము కాదు. అయితే ఏది మంచిదో ధర చెప్పదు, పెట్టె మీద అంకె కూడా పూర్తిగా చెప్పదు. మన దేశములో బూట్ల కొలతలు ఇంగ్లీషువారి నుండి వచ్చినవి. అందులో ఒక నంబరుకు, తరువాతి నంబరుకు తేడా అంగుళములో మూడవ వంతు. సైకిలు బూట్ల మీద ఎక్కువగా ఉండేది ఐరోపా నంబరు, అక్కడ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. ఈ రెండింటినీ కలిపి చూపే పట్టికలు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క తీరుగా ఉంటాయి. ఇంతకంటె ముఖ్యమైనది వెడల్పు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశములో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదములను కొలిచి చూచారు. మనవారి పాదములు ఐరోపా, అమెరికా వారి పాదముల కంటె వెడల్పైనవని తేలినట్లు 2024లో ఆ వివరములు బయటికి వచ్చాయి. మనకు తగిన కొలతలకు "భా" అని పేరు కూడా పెట్టారు.

ఇందువలన జరిగేదేమిటో మన ఇండ్లలో చూస్తూనే ఉన్నాము. పక్కలు పట్టడం లేదని ఒక నంబరు, కొందరు రెండు నంబర్లు పెద్దది తీసుకొంటారు. పక్కలకు హాయిగానే ఉంటుంది గాని, ముందు ఖాళీ మిగిలిపోతుంది, మడమ లేస్తుంది, బూటు వంగవలసిన చోటు పాదము వంగే చోటికి రాదు. పొడవు చాలనప్పుడే పెద్ద నంబరు అడగాలి. వెడల్పు చాలకపోతే వెడల్పు రకము అడగాలి. ఆ అంగడిలో లేకపోతే ఇంకొక అంగడికి పోవాలి. "వాడగా వాడగా సాగుతుందిలే సార్" అన్న మాటకు లోబడవద్దు. తోలు పక్కలకు కొంచెము సాగవచ్చును, పొడవు సాగదు. ఈనాటి సైకిలు బూట్లలో చాలావరకు తోలు లేనే లేదు.

ఇరుకు బూటు ఎంత పని చేస్తుందో మా సంఘములో ఒక పెద్దాయన విషయములో చూచాము. పులివెందుల దగ్గర చీనీ తోట ఆయనది, తోటకు సైకిలు మీదనే పోయేవారు. కంపముళ్లకు, పల్లేరు కాయలకు చెప్పులు ఆగడం లేదని కొడుకు కొత్త బూట్లు తెచ్చిపెట్టాడు. ప్రేమతో తెచ్చినవే, కాని చిటికెన వేలి దగ్గర బిగుతు. ఆయనకు చాలా ఏండ్లుగా చక్కెర వ్యాధి. పాదములలో స్పర్శ తగ్గిపోయి ఉండుట చేత బొబ్బ లేచినది తెలియలేదు, పగిలినది తెలియలేదు. మేజోడుకు చీము అంటిన తరువాత ఇంటివారు చూచారు. ఆసుపత్రిలో చిటికెన వేలు తీసివేయవలసి వచ్చింది. చక్కెర వ్యాధి ఉన్నవారు సైకిలు మానవలసిన పని లేదు, తొక్కుట వారికి మేలే. కాని తొడిగే ముందు బూటు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. రాత్రి పడుకోబోయే ముందు పాదములు, వేళ్ల సందులు చూసుకోవాలి, కన్ను సరిగా ఆనకపోతే ఇంట్లో పిల్లలచేత చూపించుకోవాలి. కొత్త బూటు మొదటి వారము గంటకు మించి వేయకూడదు. అతికే ముక్కల జోలికి డాక్టరును అడగనిదే పోకూడదు.

ఇక కొనేటప్పుడు చేయవలసినది. సాయంత్రము పోండి. పగలంతా నడిచిన పాదము కొంత ఉబ్బి ఉంటుంది, మన కడప ఎండలకు మరీను. తొక్కేటప్పుడు వేసుకొనే మేజోళ్లే తొడుక్కొని పోండి. ఇంటి దగ్గరే గోడకు మడమ ఆనించి, కాగితము మీద నిలబడి, రెండు పాదములకూ గీత గీసి సెంటీమీటర్లలో కొలిచి పెట్టుకొంటే ఇంకా మంచిది. చాలామందికి ఒక పాదము రెండవదాని కంటె పెద్దదిగా ఉంటుంది, పెద్దదానికే కొనాలి. ఫోనులో తెప్పించుకొనేవారు ఈ సెంటీమీటర్ల కొలతనే నమ్మండి, తిరిగి పంపే వీలున్నదో లేదో ముందే చూడండి. అంగడిలో తొడిగి పావుగంట నడవండి. వేళ్లు లోపల ఆడాలి, మడమ లేవకూడదు, పక్కలు పట్టకూడదు. ముందు వదలవలసిన ఖాళీ రోడ్డు మీద మాత్రమే తొక్కేవారికి అర సెంటీమీటరు చాలును. కొండ దారిలో దిగి నడిచేవారికి సెంటీమీటరు దాకా కావాలి, లేకపోతే దిగుడులో గోళ్లు కొట్టుకొంటాయి. తరువాత బూటును రెండు చేతులతో పట్టి వంచి చూడండి. నడుమ మడతపడేది సైకిలుకు పనికిరాదు. కొండ బూటు వేళ్ల దగ్గర కాస్త వంగవచ్చును.

ఆ అతికే ముక్కల సంగతి చెప్పవలసియున్నది. మంచు మీద జారే ఆటలో బూటును పట్టి ఉంచే బిగింపును చూచి, ఫ్రాన్సు దేశపు లుక్ కంపెనీవారు 1984లో ఇటువంటి పెడలును అమ్మకానికి తెచ్చారు. 1985లో బెర్నార్డ్ హినాల్ట్ అవే పెడళ్లతో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అది మూడు బోల్టుల ముక్క, సోలు కిందికి పొడుచుకొని ఉంటుంది, నున్నని రోడ్డుకు సరిపోతుంది. 1990లో జపానుకు చెందిన షిమానోవారు కొండ దారుల కోసము రెండు బోల్టుల చిన్న ముక్కను తెచ్చారు. ఇది సోలులో లోపలికి దిగి ఉంటుంది గనుక మామూలు బూటు వలె నడవవచ్చును. మన వైపు దారులకు మేము ఈ రెండవదానినే మెచ్చుకొంటాము. మూడు బోల్టులది వేసుకొని కడప బండ పరచిన వరండా మీద నడిచి చూడండి, మీకే తెలుస్తుంది! గండికోటలోనైతే మసీదు, ధాన్యాగారము, మాధవరాయ గుడి చూచి పెన్న లోయ అంచుకు చేరేదాకా అంతా రాళ్లే. అక్కడ జారితే నవ్వులాట కాదు.

ముక్క ఏదైనా బొటనవేలి మొదలు కింద గాని, దానికి కొంచెము వెనుక గాని ఉండాలి. వంకరగా బిగిస్తే నొప్పి పాదములో కాదు, మోకాలిలో వస్తుంది. గోడ పట్టుకొని నిలబడి, మడమను పక్కకు తిప్పి ఊడదీసుకొనుట ఒక యాభై సార్లు చేసిన తరువాతనే రోడ్డు ఎక్కాలి. తాళ్లున్న బూటైతే కుడి కాలి ముడిని లోపలికి దోపాలి, చైను ఉండేది ఆ పక్కనే గదా.

అమ్మా, మీ అబ్బాయి విషయములో మా సలహా ఇది. పైన చెప్పిన కొలతల వివరములలోనే మగపిల్లల పాదము పదిహేను పదహారేండ్ల దాకా బాగా పెరుగుతుందని ఉన్నది. ఖరీదైన జత ఈ ఏడు కొంటే రెండేండ్లకు పట్టకపోవచ్చును. రెండు బోల్టుల రంధ్రముల మీద మూత ఉండే కొండ సైకిలు బూట్లు ఉంటాయి, అటువంటిది వెడల్పు చూచి ఒక జత కొనండి. ఇప్పటికి మూత తీయకుండా సాదా పెడళ్ల మీదనే తొక్కనివ్వండి. రోడ్డు మీద చెయ్యి కుదిరిన తరువాత, ముక్కలు, వాటి పెడళ్లు వేరే కొని బిగించుకోవచ్చును. అంగడికి పోయేటప్పుడు వాళ్ల నాయనను కూడా తీసుకొనిపోయి, ఆయన పాదము కూడా ఒకసారి కొలిపించండి.