చెవిలో పెట్టేదానికి ఎంత పెట్టాలి?

మన తెలుగువాళ్ళం నలుగురం ఒకచోట చేరితే ఇళ్ళ ధరలు, పిల్లల కాలేజీలు, ఇండియా టిక్కెట్లు అయ్యాక మాటలు వస్తువుల మీదికి మళ్ళుతాయి. క్రిందటేడు ఉగాది పాట్‌లక్‌లో పులిహోర కోసం వరసలో నిలబడి ఉండగా చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల మీద పెద్ద చర్చే జరిగింది. "చెవుల దగ్గర పిసినారితనం ఏమిటండీ, రెండువందల యాభై డాలర్లు పడేసి మంచివి కొనుక్కోక!" అన్నారు ఒకరు. "పారేసుకోటానికి అంత ఎందుకండీ, గ్యాస్ స్టేషన్లో పది డాలర్లవి చాలవూ?" అన్నారు ఇంకొకరు. నేను నవ్వి ఊరుకున్నాను. నా వంతు వచ్చేసరికి గారెలు అయిపోతాయేమోనన్న బెంగ ఒకటి.

ఆ రోజు చెప్పని మాట ఈ సంచిక పుణ్యమా అని ఇప్పుడు చెబుతున్నాను. ఇయర్‌ఫోన్లకి నా దృష్టిలో ఒకటే కొలత. ఎంత తక్కువ వాల్యూమ్‌లో పాట హాయిగా, పూర్తిగా వినిపిస్తే అది అంత మంచి సరుకు. ఆ గుణానికి రెండువందల యాభై పెట్టనక్కరలేదు. ఇరవై నుంచి ఎనభై డాలర్ల లోపు దొరుకుతుంది.

ఇంజనీరునైనా ఈ సంగతి నాకు చదువు వల్ల తెలియలేదు, నాన్నగారి వల్ల తెలిసింది. రెండేళ్ళ క్రితం వేసవిలో ఆయన తెనాలి నుంచి వచ్చి మా దగ్గర అయిదు నెలలున్నారు. మేమిద్దరం ఆఫీసులకి పోతే పగలంతా ఆయనకి పాటలే కాలక్షేపం. సరే, నాన్నగారికి కదా అని ఖరీదైన వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు కొని చేతిలో పెట్టాను. పెట్టిన డబ్బు చూసుకుని నాకు నేనే మురిసిపోయాను కూడా. ఆయన ఏమీ అనలేదు. కానీ వాల్యూమ్ చివరిదాకా పెట్టి వినేవారు. చెవిలో పాట వంటింట్లో ఉన్న మాకు వినబడేది. "పెద్దవయసు, వినికిడి తగ్గింది" అని మాలో మేమే తేల్చేసుకుని ఆ విషయం అక్కడితో వదిలేశాం.

అసలు సంగతి కనిపెట్టింది మా అబ్బాయి. "తాతగారూ, ఇవి మీ చెవిలో సరిగ్గా కూర్చోలేదు" అని పెట్టెలో మేము ముట్టుకోని చిన్న సైజు రబ్బరు తొడుగులు తీసి మార్చాడు. కుడి చెవికి చిన్నది, ఎడమ చెవికి మధ్యరకం. ఆయన అరనిముషం విని, తనంతట తానే వాల్యూమ్ సగానికి దించేశారు. "మృదంగం ఇప్పుడు వినబడుతోందిరా!" అన్నారు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాన్నగారూ?" అంటే, "అంత డబ్బు పోసి కొన్నావు, బాగాలేవని ఎలా చెప్పనురా?" అన్నారు. ఆ మాటకి నాకు సమాధానం దొరకలేదు.

జరిగిందేమిటంటే, ఈ రకం ఇయర్‌ఫోన్లు చెవి రంధ్రాన్ని గాలి చొరకుండా మూస్తేనే సరిగ్గా పనిచేస్తాయి. సందు ఉంటే ముందు పోయేది మంద్రస్థాయి, అంటే మృదంగం, తబలా, వీణ మంద్రం తీగ. పాట పీలగా వినబడుతుంది. బయటి చప్పుడు లోపలికొస్తుంది. మనిషి చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. రెండు చెవుల రంధ్రాలూ ఒకే సైజులో ఉండాలని లేదు. కాబట్టి పెట్టెలో ఇచ్చే మూడు సైజుల తొడుగులూ ప్రతి చెవికీ విడివిడిగా పెట్టి చూడాలి. నోరు తెరిచి మూసినా కదలకుండా ఉండాలి. రబ్బరు కుదరనివాళ్ళకి నురుగు తొడుగులు వేరే దొరుకుతాయి. అవి చెవి ఆకారానికి సర్దుకుంటాయి. పది పదిహేను డాలర్ల ఆ ఖర్చు చేసే మేలు వంద డాలర్ల కొత్త మోడల్ కూడా చెయ్యకపోవచ్చు.

వాల్యూమ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, దాని లెక్క మనం అనుకున్నంత మెత్తగా ఉండదు. ఈ దేశంలో ఉద్యోగుల వినికిడి కోసం నయోష్ సంస్థ సిఫారసు చేసిన పరిమితి 85 డెసిబెల్స్‌కి రోజుకి 8 గంటలు. ఆ తరవాత ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వ్యవధి సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి. 100 డెసిబెల్స్‌కి పదిహేను నిముషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పాటలు వినేవాళ్ళకి ఇంకా జాగ్రత్తగా చెప్పింది: పెద్దలకి 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు, పిల్లలకి 75 చొప్పున 40 గంటలు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలు ఒక్కో చెవికి సుమారు పదిహేను వేలు. మనిషిలో అవి పోతే మళ్ళీ మొలవవు. పన్ను పోతే కట్టించుకుంటాం, చూపు తగ్గితే అద్దాలు పెట్టుకుంటాం. వీటికి ఆ వసతి లేదు.

ఇక కొనే సంగతి. ఇంట్లో కూర్చుని వినేవాళ్ళకి నా ఓటు వైరుకే. మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ జీరో వంటి చైనా తయారీలు ఇరవై, పాతిక డాలర్లకే వస్తున్నాయి. పదేళ్ళ క్రితం వందలు పోస్తే గాని దొరకని స్వరశుద్ధి వాటిలో ఉంది. వైరు ఊడదీసి మార్చుకునే రకం తీసుకుంటే పాడైనప్పుడు వైరు ఒక్కటే కొనుక్కోవచ్చు. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ రంధ్రం తీసేసినా, పది డాలర్ల లోపు అడాప్టర్‌తో పని జరుగుతుంది. వైర్‌లెస్ వాటిలో ఒక్కో దానిలో గోరంత బ్యాటరీ ఉంటుంది. రోజూ వాడితే రెండు మూడేళ్ళకి నీరసిస్తుంది. మార్చే వీలు చాలావాటికి లేదు. అంటే రెండువందల యాభై పెట్టినా, అరవై పెట్టినా ఆయుర్దాయం ఇంచుమించు ఒకటే.

అలాగని వైర్‌లెస్ వద్దనను. నడకకీ, వ్యాయామానికీ, ముఖ్యంగా హైదరాబాదు ప్రయాణానికీ నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి ఎంతో మేలు. విమానంలో రొద 80, 85 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మామూలు ఇయర్‌ఫోన్లతో సినిమా చూస్తే ఆ రొదని మించి వాల్యూమ్ పెంచుతాం, అదీ గంటల తరబడి. సౌండ్‌కోర్, ఇయర్‌ఫన్ వంటి కంపెనీలవి యాభై నుంచి ఎనభై డాలర్ల మధ్య ఈ సౌకర్యంతో దొరుకుతున్నాయి.

పెట్టె మీద "హై-రెస్" బంగారు స్టిక్కరు చూసి మోజుపడకండి. దాని అర్థం 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందని. మనిషి చెవి పరిమితి 20,000. నలభై దాటిన మనబోటివాళ్ళకి 15,000 వినబడితే గొప్ప. పైగా మనం వినేదేమిటి? 1957 నాటి మాయాబజార్ పాటలు మోనోలో రికార్డయినవి. రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని. ఆ గొంతులు స్పష్టంగా, చెవికి గుచ్చుకోకుండా వినబడితే చాలదూ?

పిల్లల విషయంలో మాత్రం కొని ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్ శబ్దానికి హద్దు పెట్టవచ్చు, 75 డెసిబెల్స్ దాకా దించవచ్చు. ఫోనుతో పని లేని పరీక్ష ఇంకొకటుంది. పిల్లవాడు పాట వింటుండగా చెయ్యిచాపు దూరంలో నిలబడి మామూలు గొంతుతో పిలవండి. పలక్కపోతే వాల్యూమ్ ఎక్కువన్నమాట. అయితే నాయిస్ క్యాన్సిలింగ్ ఆపి పిలవాలండోయ్! లేకపోతే పాపం, వాడి తప్పు లేకుండా తిట్లు తింటాడు.

నాన్నగారిని తరవాత పరీక్షకి తీసుకువెళ్ళాం. హెచ్చుస్థాయి శబ్దాలు కొంత తగ్గాయనీ, వయసుకి అది సహజమేననీ చెప్పారు. మేము ఊహించుకున్నంత నష్టం లేదు. కానీ ఆ మూడు నెలలూ పూర్తి వాల్యూమ్‌లో విననిచ్చిన తప్పు మాదే. అడిగి, పెట్టి చూసి, కొని ఉంటే పాతిక డాలర్లతో పోయేది. ధర పెడితే బాధ్యత తీరిందనుకున్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన ఆ ఖరీదైనవి మా అబ్బాయికి ఇచ్చేసి, వైరువి సంచిలో పెట్టుకున్నారు. "ఇదైతే ఎక్కడికీ పోదురా, మెడలోనే ఉంటుంది" అన్నారు. ఈ వేసవిలో మీ ఇంటికి అమ్మానాన్నలు వస్తుంటే, ఏం కొనాలా అని ఆలోచించే ముందు వాళ్ళ పక్కన కూర్చుని మూడు సైజులూ పెట్టి చూడండి. "వినబడుతోందా?" అని కాకుండా, "ఎంత దించితే బాగుంది?" అని అడగండి.