ప్రకాశముపంతులుగారి నివేదిక

1928వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన, సైమను కమీషను బహిష్కరణ దినమున, టంగుటూరి ప్రకాశముపంతులుగారు మదరాసులో పోలీసు తుపాకుల యెదుట ఱొమ్ము చూపి నిలిచిన కథ నెఱుగని యాంధ్రుడు లేడు. ఆంధ్రకేసరి యనగానే మనకు స్ఫురించునది ఆ చిత్రమే. ఆ సాహసమును తక్కువ చేయుట మా యుద్దేశము గాదు. కాని పంతులుగారు దేశమునకు చేసిన పనులలో ఆ యొక్క గడియను గొప్పదిగా నెంచి, 1938లో ఆయన సమర్పించిన జమీందారీ విచారణ సంఘ నివేదికను మఱచుట న్యాయము కాదని మా తలంపు.

ఆయన 1872లో ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించెను. తల్లి ఒంగోలులో పూటకూళ్లయిల్లు నడపి కుమారుని చదివించినది. రాజమహేంద్రవరమున ప్లీడరై, పురపాలక సంఘాధ్యక్షుడై, పిమ్మట సీమకేగి బారిష్టరై వచ్చి మదరాసు హైకోర్టులో ధనరాసు లార్జించిరి. 1921లో ఆ వృత్తిని విడిచి, కూడబెట్టిన సొమ్ము స్వరాజ్య పత్రికకు ధారపోసిరి. ఈ మాట వ్రాయునపుడు మావంటి ప్లీడర్లకు కొంత సిగ్గు కలుగకపోదు.

విడిచిన న్యాయశాస్త్రము 1937లో మరల అక్కఱకు వచ్చినది. రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున రెవిన్యూ మంత్రిగా నున్న పంతులుగారు జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులైరి. 1802 నాటి శాశ్వత పరిష్కారముతో జమీందారు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు ఎన్నటికిని మాఱకుండ స్థిరపడెను. రైతు జమీందారునకు చెల్లించు శిస్తు మాత్రము పెరుగుచునే పోయెను. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు సాగుహక్కు నిచ్చినను, భూమి యెవరిదను ప్రశ్న తీఱలేదు. ఆ ప్రశ్ననే నివేదిక సూటిగా నెత్తుకొన్నది. భూమికి స్వామి రైతే. జమీందారు శిస్తు వసూలు చేయుటకు నియమింపబడినవాడు మాత్రమే. 1802 నాటి శిస్తును మించి వసూలు చేయ నాతనికి అధికారము లేదు. ఇదియే దాని సారము. రైతు పేదవాడు గావున కనికరింపుడని అందు వేడుకొనలేదు. ఏ రెగ్యులేషనును, ఏ సనదును జమీందారులు తమకు ఆధారమని చూపుచుండిరో, వానినే తిరుగవేసి వాదించిరి. కోర్టులో ఎదిరి పత్రముతోనే ఎదిరిని గెలిచిన వకీలు నెఱిగినవారి కిందలి రుచి తెలియును.

నివేదిక శాసనము కాకమునుపే 1939లో మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. 1946 ఏప్రిలులో పంతులుగారే మదరాసు ప్రధానమంత్రులైరి గాని పదునొకండు నెలలకే, 1947లో, స్వపక్షమువారే ఆయనను దింపిరి. జమీందారీల రద్దు చట్టము 1948లో ఓమందూరు రామస్వామిరెడ్డియారుగారి కాలమున వెలసెను. అందును జమీందారులకు నష్టపరిహారము నిర్ణయింపబడినది. విత్తినవాడొకడు, కోసినవాడొకడు. ఇందు పంతులుగారి దోషము లేదనము. పదిమందిని కూడగట్టుకొని పోవు నేర్పు ఆయనకు కొఱవడెను. తాను తలపెట్టినది వెంటనే జరుగవలెనను తొందర హెచ్చు. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా నేర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన తరువాతను ఇదే జరిగెను. మద్యనిషేధముపై తగవు ముదిరి, 1954 నవంబరులో ఒక్క వోటుతో ఆ మంత్రివర్గము కూలెను. 1957 మే 20వ తేదీన హైదరాబాదులో పరమపదించునాటికి, లక్ష లార్జించిన ఆ బారిష్టరుకు మిగిలిన యాస్తి లేదు.

పఠనమందిరములలో పంతులుగారి పటము గోడమీద నుండును. బీరువాలో ఆ నివేదిక యున్నదా యని కార్యదర్శులు ఒకసారి చూతురు గాక. లేకున్న ఒక ప్రతిని సంపాదించి, 1802 నాటి సనదులను గూర్చిన భాగమును వారమున కొకనాడు తెలుగున చదివి వినిపింపవచ్చును. పూర్వపు జమీ గ్రామములనుండి వచ్చి పట్టణములలో స్థిరపడినవారు అనేకులు గలరు. తమ తాతల పేర పట్టా ఎట్లు వచ్చెనో వారు వినగోరకపోరు.