విద్యాసంస్థ మ్యూజియంలో ఊరికి చోటెక్కడ? ఖరగ్‌పూర్ నుంచి ఒక ఆలోచన

మ్యూజియంల గురించి మన నోట్సులో సాధారణంగా మూడు ముక్కలుంటాయి. 1814లో కలకత్తాలో మొదలైన ఇండియన్ మ్యూజియం, జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాల రక్షణను రాజ్యానికి అప్పగించిన 49వ అధికరణ, 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం. ప్రిలిమ్స్‌కు ఇవి చాలు. కానీ "వారసత్వాన్ని కాపాడాల్సింది ఎవరు?" అని వ్యాసంలో అడిగితే చాలవు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఖరగ్‌పూర్ మంచి ఉదాహరణ.

నా అభిప్రాయం ముందే చెబుతాను. విద్యాసంస్థ నడిపే మ్యూజియం ఏడాదికి కనీసం ఒక ప్రదర్శనను చుట్టూ ఉన్న ఊరి జనంతో కలిసి తయారు చేయాలి. జనాన్ని చూడటానికి పిలిస్తే సరిపోదు, ఏం చూపించాలో నిర్ణయించడంలోనూ వాళ్లకు భాగం ఉండాలి.

హిజ్లీ: జైలు, కళాశాల, మ్యూజియం

ఐఐటీ ఖరగ్‌పూర్ ఆవరణలోని హిజ్లీ షహీద్ భవన్ ఒకప్పుడు నిర్బంధ శిబిరం. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం విచారణ లేకుండా పట్టుకున్న రాజకీయ ఖైదీలను ఇక్కడ ఉంచింది. 1931 సెప్టెంబరు 16న కాపలా పోలీసులు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్ర బోస్ హిజ్లీ వచ్చారు. కలకత్తా బహిరంగ సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ దారుణాన్ని ఖండించారు.

స్వాతంత్ర్యం వచ్చాక దేశపు మొదటి ఐఐటీ ఈ భవనంలోనే మొదలైంది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 1956లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1990లో అదే పాత భవనంలో నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం వచ్చింది.

ముందస్తు నిర్బంధం గురించి 22వ అధికరణలో చదువుతాం. విచారణ లేని నిర్బంధం ఎలా ఉంటుందో ఈ గోడలు చూపిస్తాయి. ఒక్క భవనం ఆధునిక చరిత్ర, పాలిటీ, సైన్స్ మూడింటినీ కలిపి చెప్పగలదు. ఇంత బలం ఉన్న చోటు ఊరికి కూడా సొంతమైతే ఇంకెంత బాగుంటుంది?

ఊళ్లో ఉన్న చరిత్ర

పురీ గేటు దాటి రైల్వే కాలనీల వైపు వస్తే కథ మారుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మనవాళ్ల మాటల్లో బీఎన్ఆర్, ఈ ఊరిని జంక్షన్‌గా, వర్క్‌షాప్ పట్టణంగా పెంచింది. 1902లో తూర్పు తీర రైలుమార్గంలో కటక్ వరకు ఉన్న ఉత్తర భాగం బీఎన్ఆర్ చేతికి వచ్చింది. దాంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే రైల్వే కిందికి చేరాయి. ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్లు పనికోసం ఇక్కడికి రావడానికి దారి అలా పడింది. ఈ ఊరిని మినీ ఇండియా అంటారు. నీంపురా, మథురాకాటి వీధుల్లో శ్రీకాకుళం యాస, బెంగాలీ, హిందీ ఒకే సంభాషణలో వినిపిస్తాయి.

ఇది ఇళ్లలో చెప్పుకునే కథ మాత్రమే కాదు. 1920ల చివర్లో బీఎన్ఆర్ కార్మికుల సమ్మెలకు వి.వి. గిరి నాయకత్వం వహించారు. తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. కార్మిక ఉద్యమ చరిత్రలో ఖరగ్‌పూర్‌కు చోటు ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది.

అయితే ఈ చరిత్రకు సాక్ష్యాలు ఎక్కడున్నాయి? ట్రంకుపెట్టెల్లో. మా తాతగారి వర్క్‌షాప్ ఇత్తడి టోకెన్, జీతం చీటీలు, తెలుగు బడి గ్రూప్ ఫొటో, సంఘం వాళ్లు వేసిన నాటకం కరపత్రం అన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఇలాంటి పెట్టెలు ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లలో ఉంటాయి. చిక్కు ఏమిటంటే రైల్వే క్వార్టర్ సొంతిల్లు కాదు. ఉద్యోగి రిటైరైతే ఖాళీ చేయాలి. సామాను సర్దేటప్పుడు ఉపయోగం లేదనిపించినవి పాతసామాన్ల వాడి బండెక్కుతాయి. ఆవిరి ఇంజన్ విప్పి బిగించిన చేతులు కూడా ఒక్కొక్కటిగా వెళ్లిపోతున్నాయి. పదేళ్ల తర్వాత మేల్కొంటే అడగడానికి మనుషులుండరు.

బెంగాల్‌లోనే దారి ఉంది

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కలకత్తా విశ్వవిద్యాలయం 1937లో అశుతోష్ కళా మ్యూజియం పెట్టింది. మన దేశంలో విశ్వవిద్యాలయం నెలకొల్పిన తొలి ప్రజా మ్యూజియం అదే. శిల్పాలతో పాటు పల్లె స్త్రీలు పాత చీరలపై కుట్టిన కాంథాలను, పటచిత్రాలను కూడా అది సేకరించింది. ఇంట్లో వాడే గుడ్డ కళాఖండం కాగలిగినప్పుడు కార్మికుడి టోకెన్ చారిత్రక పత్రం ఎందుకు కాకూడదు?

శాంతినికేతన్‌లో కళాభవన్ ఏటా డిసెంబరు మొదట్లో నందలాల్ బోస్ జయంతికి ముందు నందన్ మేళా జరుపుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు చేసిన కళారూపాలు అందుబాటు ధరలకు అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి వెళ్తుంది. గ్యాలరీలో అడుగుపెట్టడానికి జంకేవాళ్లు కూడా మేళాకు వస్తారు.

మన జిల్లాలోనే పింగ్లా దగ్గర నయా గ్రామం ఉంది. అక్కడి పటువాలు చుట్టచుట్టిన బొమ్మల పటాన్ని విప్పుతూ పాటగా కథ చెబుతారు. తెలంగాణలో చేర్యాల పటాల సంప్రదాయమూ ఇలాంటిదే. బొమ్మ, మాట, చూసే జనం మూడూ కలిస్తేనే అది పూర్తవుతుంది. మ్యూజియంలకు ఇదే మంచి నమూనా.

ఏం చేయవచ్చు?

ఒక గది, ఒక వారం చాలు. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, లేదా హిజ్లీ కాల్పుల రోజైన సెప్టెంబరు 16 చుట్టూ పెట్టుకోవచ్చు. కుటుంబాల నుంచి వస్తువులు అరువు తీసుకుని, రసీదు ఇచ్చి, స్కాన్ చేసి, తిరిగి ఇచ్చేయాలి. వస్తువు ఇంటిదే, నకలు అందరిదీ. వివరాల పలకలు బెంగాలీ, హిందీ, తెలుగు, ఇంగ్లిష్ భాషల్లో ఉండాలి. రిటైరైన ఫిట్టర్, డ్రైవర్, నర్సు సాయంత్రం సభలో మాట్లాడాలి. ప్రశ్నలు రైల్వే బడి పిల్లలు అడగాలి.

అభ్యంతరాలు

మొదటిది: సైన్స్ మ్యూజియంలో ఇంటి ఫొటోలకేం పని? బీటెక్ చదివినవాడిగా నా జవాబు ఇది. ఇంజన్ నమూనా యంత్రం ఎలా తిరుగుతుందో చెబుతుంది. దాన్ని తిప్పినవాడు ఎన్ని గంటలకు లేచాడో, ఆలస్యమైతే ఎంత జీతం పోయిందో టోకెన్, జీతం చీటీ చెబుతాయి. సాంకేతికతలో రెండూ భాగమే.

రెండోది: ఈ ఏడాది తెలుగువాళ్లకు చోటిస్తే వచ్చే ఏడాది ప్రతి భాషవాళ్లూ అడుగుతారు. ఈ భయంలో న్యాయం ఉంది. అందుకే ప్రదర్శనను భాషల వారీగా కాక విషయం వారీగా పెట్టాలి. ఒక ఏడు "పని", ఒక ఏడు "బడి", ఒక ఏడు "సమ్మె". అప్పుడు తెలుగు టోకెన్ పక్కన ఒడియా ఉత్తరం, బెంగాలీ డైరీ ఉంటాయి.

మూడోది: జ్ఞాపకాలు నమ్మదగినవేనా? అన్నీ కావు. కాబట్టి జ్ఞాపకాన్ని జ్ఞాపకమని, రికార్డును రికార్డని విడిగా రాసి పక్కపక్కన పెట్టాలి. రెండూ ఎక్కడ తేడా పడ్డాయో చూడటం కూడా చరిత్ర పాఠమే.

నాలుగోది: ఆవరణ భద్రత. తేదీలు ముందే ప్రకటించి, నమోదు పెట్టి, రైల్వే కాలనీల నుంచి బస్సు నడిపితే ఇది తీరని సమస్య కాదు.

మనకు సంబంధం ఏమిటి?

29వ అధికరణ తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు పౌరులకు ఇచ్చింది. 51ఎ అధికరణ ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటం మన విధి అంది. హక్కు, విధి రెండూ కాగితం మీద ఉన్నాయి. వాటిని ఆచరించడానికి ఒక చోటు కావాలి. 2022లో ప్రాగ్‌లో అంతర్జాతీయ మ్యూజియం మండలి ఆమోదించిన నిర్వచనం కూడా సమాజాల భాగస్వామ్యంతో పనిచేయాలని మ్యూజియంలకు చెబుతోంది.

రేపు మనలో ఎవరైనా జిల్లా అధికారి అయితే ఇలాంటి ప్రతిపాదన బల్ల మీదికి రావచ్చు. పెద్ద బడ్జెట్ అడగని ఫైలు అది. విద్యాసంస్థ, రైల్వే, పురపాలక సంఘం ముగ్గురినీ ఒక సమావేశానికి పిలిస్తే సగం పని అయినట్లే. సర్వీసు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ ఆదివారం మీ వీధిలో పెద్దవారి దగ్గర కూర్చుని, అనుమతి తీసుకుని, అరగంట ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, తేదీ, ఊరు రాసి పెట్టండి.

సాధన ప్రశ్న (250 పదాలు): "ప్రజల భాగస్వామ్యం లేని మ్యూజియం గోదాముతో సమానం." విద్యాసంస్థల మ్యూజియంలను దృష్టిలో ఉంచుకుని చర్చించండి. మీ ఊరి నుంచి కనీసం ఒక ఉదాహరణ ఇవ్వండి.